మొయిర: పంచిన ముక్క

గ్రీసులో పేకాటకు కూర్చున్నవాళ్ళు ముక్కలు పంచాల్సినవాడితో "మీరాసె తా హర్త్యా" అంటారు. ముక్కలు పంచు అని దానర్థం. రోజూ వాడే మామూలు మాటే. కానీ ఆ చిన్న వాక్యంలోని రెండు ముఖ్యమైన పదాలూ చాలా దూరం నడిచి వచ్చినవి.

రెండోదాన్ని ముందు చూద్దాం. హర్త్యా అంటే కాగితాలు, పేకముక్కలు కూడా. దాని మూలం ప్రాచీన గ్రీకులోని ఖార్తేస్. రాయడానికి సిద్ధం చేసిన పపైరస్ పత్రాన్ని అలా పిలిచేవారు. ఆ మాట లాటిన్‌కు వెళ్ళి, ఇటాలియన్‌లో కార్తాగా, ఫ్రెంచిలో కార్త్‌గా నిలిచి, ఇంగ్లిషులో కార్డ్ అయింది. అక్కడినుంచి మన రేషన్ కార్డు దాకా వచ్చింది. గ్రీకు పురాణాలను కార్డు ఆటలోకి తీసుకొచ్చేవాళ్ళు ఒక గ్రీకు వస్తువును మరో గ్రీకు వస్తువు మీద రాస్తున్నారన్నమాట.

మొదటి మాట ఇంకా లోతైనది. "మీరాసె" అనే క్రియకు మూలం మొయిర అనే నామం. గ్రీకు కథలు చదివినవాళ్ళకు ఆ పేరు విధిదేవతలను గుర్తుకు తెస్తుంది. మనుషుల ఆయువు దారాన్ని వడికే క్లోతో, ఎవరికి ఎంతో తేల్చే లాకెసిస్, వెనక్కి తిప్పలేని అత్రోపోస్. ఈ ముగ్గురు అక్కచెల్లెళ్ళను కలిపి మొయిరై అన్నారు. మనిషి చావుపుట్టుకలను నిర్ణయించే దేవతల పేరూ, పేకముక్కలు పంచే క్రియా ఒకే వేరునుంచి ఎలా పుట్టాయి? గ్రీకు పురాణం కార్డు ఆటలో అంత చక్కగా ఎందుకు ఒదుగుతుందో తెలియాలంటే ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

మొయిరకు తొలి అర్థం విధి కాదు, వాటా. మెయిరొమయ్ అంటే తన వంతుగా పొందడం. మెరోస్ అంటే భాగం. ఇవన్నీ ఒకే కుటుంబం. హోమర్ ఇలియడ్ పదో సర్గలో ఒడిస్యూస్ రాత్రి ఎంత గడిచిందో చెబుతూ రెండు మొయిరలు దాటిపోయాయనీ, మూడోది మిగిలిందనీ అంటాడు. అక్కడ దైవం ఊసే లేదు, రాత్రిని మూడు పాళ్ళు చేశారంతే. విందులో ఒక్కొక్కరి ముందు పెట్టే మాంసం వాటా కూడా మొయిరే. తరవాతి కాలపు ఖగోళ శాస్త్రజ్ఞులు వృత్తాన్ని 360 భాగాలు చేసి ఒక్కో భాగాన్నీ మొయిర అన్నారు. నేటి గ్రీకులో కోణాన్ని కొలిచే డిగ్రీకి ఇప్పటికీ అదే పేరు. విందులో మాంసం, రాత్రిలో జాము, వృత్తంలో డిగ్రీ, మనిషికి ఆయువు: అన్నీ ఒక పెద్దదాన్ని కోసి పంచగా వచ్చిన ముక్కలే.

ఈ వరసే ముఖ్యం. వాటా అనే భావన ముందు పుట్టింది, విధి అనే భావన దాని మీద మొలిచింది. తెలుగులో మొయిరను విధి అనో తలరాత అనో అనువదించినప్పుడు ఈ వరస కనబడకుండా పోతుంది. రాత అంటే ఎవరో ముందే రాసిపెట్టినది. అందులో మనిషి చేయగలిగింది చదువుకోవడమే. వాటా అలా కాదు. అది చేతికొస్తుంది. ఎంతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. దాన్ని ఏం చేయాలో మాత్రం పుచ్చుకున్నవాడే తేల్చుకోవాలి.

మొయిరకు తెలుగులో సరిజోడు లేదా అంటే ఉంది, అదీ చాలా పాతది: పాలు. తాగే పాలు కాదు, వాటా అనే అర్థంలో పాలు. ఆస్తి పంపకాల్లో "నా పాలు నాకు పంచండి" అంటాం. తెలంగాణ పల్లెల్లో దాయాదులను పాలోళ్ళు అంటారు. భూమిలో పాలున్నవాళ్ళే పురుడులోనూ మైలలోనూ పాలు పంచుకుంటారు. ఈ మాట పొలం గట్టు దాటి బతుకులోకి ఎలా వచ్చిందో చూడండి. అప్పులపాలయ్యాడు, నవ్వులపాలైంది, చేతికొచ్చిన పంట ఏటిపాలైంది. ఇక్కడ మనిషే, మనిషి కష్టమే, మరొకదాని వాటాకింద జమైపోయింది. "నా పాలిట దేవుడు", "వాడి పాలిట శని" అన్నప్పుడు కూడా ఆ దేవుడో శనో నా వాటాకు, వాడి వాటాకు వచ్చినవాళ్ళని చెబుతున్నాం. భూమి వాటా చెప్పే మాట నోటిలో నానుతూ నానుతూ అదృష్టాన్ని చెప్పే మాట అయింది. గ్రీకులో మొయిరకు జరిగిందీ ఇదే.

తమిళంలో ఈ బంధం మరింత తేటగా ఉంది. మన పాలుకు తోబుట్టువైన పాల్‌కు భాగం, విధి అనే రెండర్థాలూ ఉన్నాయి. ప్రాణులకు ఈ పాలును నిర్ణయించే దైవం ఒకటి తొల్కాప్పియంలోనే కనిపిస్తుంది. దాన్ని పాల్వరై దెయ్వం అన్నారు. సంస్కృతంలో భజ్ ధాతువుకు పంచడం అని అర్థం. దాని నుంచే భాగమూ భాగ్యమూ వచ్చాయి. ఋగ్వేదంలోని ఆదిత్యులలో ఇద్దరి పేర్లు భగుడు, అంశుడు. ఇద్దరి పేర్లకూ వాటా అనే అర్థమే ఉంది. గ్రీకులో దేవతకు వాడే దయ్‌మోన్ అనే మాటను కూడా పంచడమనే అర్థమున్న దయొమయ్‌తో కలుపుతారు. అంటే వేర్వేరు భాషలవాళ్ళు దైవాన్ని వడ్డించేవాడిగా ఊహించారు. మిరాసీ అనే మాట మాత్రం చెవికి మీరాసెలా వినిపించినా ఈ కుటుంబానికి చెందదు. అది వారసత్వాన్ని చెప్పే అరబీ మాట. పోలిక చూసి పొరపడకూడదు.

ఇప్పుడు పేకాట బల్ల దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళు కార్డును ముక్క అంటారు. ముక్క అంటేనే భాగం. పేక కలిపి, కోసి, పంచుతారు. "మంచి ముక్కలు పడ్డాయి" అంటారు. "ఇక నీ వంతు" అంటారు. వంతు అనే మాటలో వాటా ఉంది, ఆడాల్సిన సమయమూ ఉంది. రాత్రిని మూడు మొయిరలు చేసిన హోమర్ లాగే మనమూ కాలాన్ని వంతులు చేసుకుని ఆడుతున్నాం. పేకాటలో మన నోట వచ్చే మాటలన్నీ పంపకం మాటలే.

గ్రీకు దేవతల లోకమే ఒక పంపకంతో మొదలవుతుంది. ఇలియడ్ పదిహేనో సర్గలో పొసైడన్ ఆ సంగతి కోపంతో చెబుతాడు. తాము ముగ్గురు అన్నదమ్ములమనీ, చీటీలు వేసుకుంటే తనకు సముద్రం, హేడీస్‌కు చీకటి లోకం, జ్యూస్‌కు ఆకాశం పడ్డాయనీ, భూమీ ఒలింపస్ కొండా ఉమ్మడిగా ఉండిపోయాయనీ అంటాడు. ఎంత బలవంతుడైనా జ్యూస్ తన మూడో మొయిరలో తాను ఊరుకోవాలని అతని వాదం. ఇది మన పాలోళ్ళ తగాదాయే, కాకపోతే పంచుకున్నది లోకాన్ని. ఇక్కడ మొయిర అంటే జ్యూస్ తలరాత కాదు, జ్యూస్ హద్దు. డిమీటర్ దేవతను గురించిన ప్రాచీన స్తోత్రంలో కూతురు పెర్సెఫొనీ ఏడాదిలో ఎంతకాలం పాతాళంలో ఉండాలో తేల్చేటప్పుడు కూడా మూడో మొయిర అనే మాటే వస్తుంది. మూడింట ఒక పాలు కింద, రెండు పాళ్ళు తల్లి దగ్గర. లోకంలో మూడో వంతు, రాత్రిలో మూడో వంతు, ఏడాదిలో మూడో వంతు. లోకాన్ని గ్రీకులు పెద్ద కొలతలతో కోసి పంచుకున్నారు.

మొయిరైల పుట్టుక గురించి హెసియడ్ తన థియోగనీలో రెండు చోట్ల రెండు మాటలు చెప్పాడు. ఒకచోట వాళ్ళు నిక్స్ బిడ్డలు. నిక్స్ అంటే రాత్రి. మరోచోట వాళ్ళు జ్యూస్‌కూ థెమిస్‌కూ పుట్టినవాళ్ళు. థెమిస్ అంటే నెలకొన్న కట్టుబాటు. ఒకే కావ్యంలో రెండు పుట్టుకలు ఎందుకున్నాయని పండితులు తర్కించారు. కార్డు ఆట తెలిసినవాళ్ళకు ఈ రెండు పుట్టుకలూ ఒకదానికొకటి అడ్డు రావు. కలిపి బోర్లించిన పేకలో ఏ ముక్క ఎక్కడుందో ఎవరికీ తెలియదు, అది రాత్రి. ఏ ముక్కతో ఏం చేయవచ్చో అందరికీ ముందే తెలుసు, అది కట్టుబాటు. చేతిలో పడిన ముక్కలకు ఈ ఇద్దరూ తల్లులే.

ఇక్కడ మన విధికి కూడా దాని అసలు చోటు దొరుకుతుంది. సంస్కృత విధిలో ఉన్న ధా ధాతువూ, గ్రీకు థెమిస్‌లో ఉన్న ధాతువూ ఒకే ఇండో యూరోపియన్ మూలానివి. ఉంచడం, నెలకొల్పడం దాని అర్థం. తెలుగులో విధివిధానాలు అన్నప్పుడు మనకు వినిపించేదీ నియమాలే. కాబట్టి విధి థెమిస్‌కు చుట్టం. మొయిరను విధి అంటే కూతుర్ని తల్లి పేరుతో పిలిచినట్టు. ఆటలో విధి అంటే నియమాల పుస్తకం, మొయిర అంటే చేతిలో పడిన ముక్కలు. ఈ తేడా పట్టుకున్న ఆటల రూపకర్తే గ్రీకు పురాణంలోంచి ఆటను నిజంగా తీయగలడు.

పేరు తెచ్చుకోవడం తేలిక. ఫ్రెంచివాళ్ళ పేకలో బొమ్మ ముక్కలకు శతాబ్దాలుగా పేర్లున్నాయి. ఇస్పేటు రాణి పేరు పల్లాస్, అంటే ఎథీనా దేవి. డైమను జాకీ పేరు హెక్టర్, అంటే ట్రాయ్ వీరుడు. కానీ ఆ జాకీ పడ్డప్పుడు ట్రాయ్ గుర్తొచ్చేలా ఆటలో ఏదీ జరగదు. పేరు ముక్క మీదే ఆగిపోయింది, ఆటలోకి దిగలేదు. మన దశావతార గంజీఫాలో పరిస్థితి కొంత మేలు. పది అవతారాలకు పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 గుండ్రటి ముక్కలు. పగలు ఆడితే రాముడి రంగులో రాజున్నవాళ్ళు, రాత్రి ఆడితే కృష్ణుడి రంగులో రాజున్నవాళ్ళు ఆట మొదలుపెట్టాలి. అక్కడ పురాణం కొంచెం నియమంలోకి దిగింది.

ఆధునిక ఫాంటసీ కార్డు ఆటల్లో ఈ దిగడం ఎలా జరిగిందో చూడటానికి మ్యాజిక్: ద గ్యాదరింగ్ కన్నా మంచి ఉదాహరణ లేదు. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఆ ఆట 1993లో వచ్చింది. తొలి ముక్కల్లోనే ఒక మినటార్, ఒక పెగసస్ ఉన్నాయి. అయితే అవి కూడా హెక్టర్ జాకీ లాంటివే, పేరూ బొమ్మా గ్రీకువి, ఆట తీరు ఏ ఊరిదైనా కావచ్చు. ఇరవై ఏళ్ళ తరవాత, 2013 సెప్టెంబరులో, పూర్తిగా గ్రీకు పురాణాల మీద ఆధారపడిన థెరోస్ అనే ముక్కల సంపుటి విడుదలైంది. ఆ తరవాతి ఏడాది బార్న్ ఆఫ్ ద గాడ్స్, జర్నీ ఇంటు నిక్స్ అనే రెండు సంపుటాలు, 2020 జనవరిలో థెరోస్ బియాండ్ డెత్ వచ్చాయి. థెరోస్ అంటే గ్రీకులో వేసవి, కోతకాలం. ఆటలోని దేవతలు ఉండే చోటు పేరు నిక్స్, అంటే మొయిరైల తల్లి పేరే. ఆ దేవతల ఒంటినిండా చుక్కల ఆకాశం కనిపించేలా బొమ్మలు గీశారు.

కథలోంచి నియమం పుట్టించే ఈ పద్ధతిని ఆ రంగంలో టాప్ డౌన్ డిజైన్ అంటారు. దానికి అచ్చమైన నమూనా అక్రోవన్ హార్స్ అనే ముక్క. అది నా బల్ల మీదికి రాగానే ఎదుటివాడి సొంతమవుతుంది. ఆ తరవాత అతని ప్రతి వంతు మొదట్లోనూ అది ఎవరి దగ్గరుందో వాళ్ళకు కాక, వాళ్ళ ప్రత్యర్థులకు ఒక సైనికుణ్ణి పుట్టిస్తుంది. ట్రాయ్ పేరు ఎక్కడా లేదు. అయినా ఆ ముక్క వేసినవాడు, సైనికులు దాగిన కొయ్యగుర్రాన్ని ట్రాయ్‌లోకి పంపిన ఒడిస్యూస్ చేసిన పనే చేస్తున్నాడు: ఎదుటివాడి పాలులో తన బలగాన్ని కలిపేస్తున్నాడు. ఫ్రెంచి పేకలో హెక్టర్ పేరుంది, కథ లేదు. ఇక్కడ ట్రాయ్ పేరు లేదు, కథంతా ఉంది.

థెరోస్ దేవతలను మలిచిన తీరు ఇంకా లోతైనది. సూర్యుడికి హీలియోడ్, సముద్రానికి థాస్సా, చనిపోయినవాళ్ళకు ఎరెబోస్, కొలిమికి పర్ఫొరోస్, వేటకు నైలియా. ఆటలో ఉన్న ఐదు రంగులకూ ఒక్కొక్కరు. వీళ్ళలో ఒకరి ముక్కను బల్ల మీద పెట్టినంత మాత్రాన దేవత దిగిరాదు. మన ఎదుట ఉన్న ముక్కల ఖరీదులో ఆ రంగు గుర్తులు కనీసం ఐదు ఉండాలి. అప్పుడే దేవత యుద్ధం చేయగల రూపం దాలుస్తుంది. ఆ గుర్తులు తగ్గితే మళ్ళీ కనిపించని శక్తిగా మిగిలిపోతుంది. ఆటలో దీని పేరు డివోషన్. రెండు రంగుల దేవతలకైతే ఏడు గుర్తులు కావాలి.

ఇది గ్రీకుల దేవతాభావనకు చాలా దగ్గరగా ఉంది. గ్రీకు దేవతకు తిమే కావాలి. ఆ మాటకు గౌరవం అనీ, వెల అనీ రెండర్థాలు. థియోగనీలో జ్యూస్ రాజయ్యాక చేసిన తొలి పనుల్లో ఒకటి దేవతలకు వాళ్ళ వాళ్ళ తిమేలను పంచడం. డిమీటర్ స్తోత్రంలో ఆమె గింజ మొలకెత్తకుండా ఆపేసినప్పుడు మనుషులు నశించే స్థితి వస్తుంది. మనుషులు లేకపోతే దేవతలకు బలులూ కానుకలూ అందవు. జ్యూస్ దిగివచ్చింది అందుకే. పూజించేవాళ్ళు లేని దేవతకు వాటా ఉండదు. డివోషన్ నియమం ఈ సంగతిని ఒక్క వాక్యం చెప్పకుండా ఆటగాడి వేళ్ళతో లెక్కపెట్టిస్తుంది.

జోస్యం సంగతి కూడా అంతే. థెరోస్‌లో ఆలయాల పేరున్న ముక్కలున్నాయి. వాటిలో ఒకటి వేసినప్పుడు ఆటగాడు తన డెక్‌లో పైనున్న ముక్కను చూసి, కావాలంటే అక్కడే ఉంచవచ్చు, వద్దంటే అడుక్కి పంపవచ్చు. దీన్ని స్క్రై అంటారు. జోస్యం కోసం డెల్ఫీ ఆలయానికి వెళ్ళినవాళ్ళకు దొరికిందీ ఇంతే: రాబోయేదాని అంచు ఒకటి. అడుక్కి పంపిన ముక్క పోతుంది గానీ, దాని తరవాత ఏముందో మళ్ళీ తెలియదు. తొలి చేతిలో పడిన ఏడు ముక్కలు బాగా లేకపోతే మళ్ళీ పంచుకునే వీలు ఆ ఆటలో ఉంది. కానీ 2019 నుంచి ఉన్న పద్ధతిలో, తిరిగి ఏడు తీసుకున్నాక ఒక ముక్కను డెక్ అడుగుకు చేర్చాలి. రెండోసారి అడిగితే రెండు. మన రమ్మీలో కూడా ముక్కలు పడకపోతే డ్రాప్ చెప్పి కొన్ని పాయింట్లు ఇచ్చుకుంటాం. వాటా నచ్చలేదనవచ్చు, కానీ వాటాలోంచే దానికి వెల కట్టాలి.

ఈ వెల అనే ఆలోచన 2020 సంపుటిలో పరాకాష్ఠకు చేరింది. అందులో ఎస్కేప్ అనే నియమం ఉంది. చనిపోయిన ముక్కలు చేరే గ్రేవ్‌యార్డ్ నుంచి ఒక ముక్క తిరిగి రావాలంటే, అక్కడే ఉన్న వేరే ముక్కలు కొన్ని శాశ్వతంగా ఆటనుంచి వెళ్ళిపోవాలి. ఒకరు పాతాళం నుంచి తప్పించుకోవడానికి కొందరు పూర్తిగా మాసిపోవాలి. యూరిపిడీస్ క్రీ.పూ. 438లో ప్రదర్శించిన ఆల్కెస్టిస్ నాటకంలో కథ ఇదే. రాజు అద్మీటస్‌కు చావు ఘడియ వచ్చింది. బదులుగా మరొకరు చనిపోతే అతను బతికేలా అపొల్లో మొయిరైలను ఒప్పించాడు. ముసలి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, భార్య ఆల్కెస్టిస్ ఒప్పుకుంది. వాటాను మరొకరి మీదికి తోయవచ్చు గానీ రద్దు చేయలేరు. ఎస్కేప్ నియమం రాసినవాళ్ళు ఈ లెక్కను పట్టుకున్నారు. ఆ సంపుటిలో విధిదేవత పేరు క్లోతిస్, అది క్లోతోనుంచే వచ్చింది. పాతాళంనుంచి తప్పించుకుపోతున్న యోధురాలు ఎల్స్‌పెత్‌ను వెనక్కి తేవడానికి ఆమె ఒక దూతను సృష్టించి పంపుతుంది.

వెల చాలకపోతే ఏమవుతుందో కూడా ఆ సంపుటే చూపించింది. ఊరో అనే టైటన్ ముక్క వచ్చిన వెంటనే చనిపోతుంది. గ్రేవ్‌యార్డ్ నుంచి ఐదు ముక్కలను బలిచ్చి తప్పించుకు వస్తేనే నిలుస్తుంది. ఊహ అద్భుతం. కానీ అది వచ్చిన ప్రతిసారీ, దాడి చేసిన ప్రతిసారీ ఆయువు పోసేది, కొత్త ముక్క ఇచ్చేది, నేలను పెంచేది. ఐదు ముక్కల వెల దానికి వెలే కాకుండా పోయింది. ఎక్కడ చూసినా ఊరోయే. దాంతో 2020లో స్టాండర్డ్ పోటీల్లోనూ, 2021లో మోడర్న్ పోటీల్లోనూ దాన్ని నిషేధించారు. ఇలియడ్ పంతొమ్మిదో సర్గలో హేరా దేవి అఖిలీస్ గుర్రం జాంథస్‌కు మాట్లాడే శక్తినిస్తుంది. అది అఖిలీస్ చావు గురించి చెప్పగానే ఎరిన్యెస్ దేవతలు దాని నోరు కట్టేస్తారు. మాట గుర్రం మొయిరలో లేదు. ఊరోకు పడిన నిషేధం కూడా అలాంటిదే. ఒక ముక్క తన పాలు దాటి మిగతావాళ్ళ పాళ్ళన్నీ తినేస్తుంటే ఎవరో ఒకరు నోరు కట్టాలి.

ఇక్కడే ఇలియడ్‌లోని సర్పెడన్ కథ చెప్పుకోవాలి. గ్రీకు సాహిత్యంలో ఆట నియమం గురించి ఇంతకన్నా తెలివైన ఘట్టం నాకు కనిపించలేదు. సర్పెడన్ జ్యూస్ కొడుకు. గ్రీకు యోధుడు పత్రోక్లస్ చేతిలో చావడం అతని మొయిర. జ్యూస్ మనసు కొట్టుకుంటుంది, కొడుకును యుద్ధంలోంచి ఎత్తుకుపోదామా అని. హేరా అతన్ని నీవల్ల కాదని ఆపదు. చెయ్యి, కానీ మేమంతా ఒప్పుకోం అంటుంది. నువ్వు నీ కొడుకును కాపాడితే ట్రాయ్ చుట్టూ కొడుకులున్న ప్రతి దేవతా అదే చేస్తాననవచ్చు, ఆలోచించుకో అంటుంది. జ్యూస్ నెత్తుటి వాన కురిపించి కొడుకును పోనిస్తాడు. శక్తి లేక కాదు, ఒక్క మినహాయింపుతో పంపకమంతా చెదిరిపోతుందని. నియమాలు రాసే ప్రతి రూపకర్తా తన అభిమాన ముక్క విషయంలో జ్యూస్ స్థానంలోకి వస్తాడు. ఆ గడియలో హేరా మాట వినగలగడమే ఆ వృత్తికి ప్రాణం.

అయితే మొయిర అంతా హద్దే అయితే ఆటలో ఆటగాడికి పనేముంది? ఒడిస్సీ మొదట్లోనే జ్యూస్ దీనికి జవాబు చెబుతాడు. మనుషులు కష్టాలన్నీ దేవతల మీదికి తోస్తారనీ, నిజానికి తమ మూర్ఖత్వంతో తమ పాలుకు మించిన కష్టాలు తెచ్చుకుంటారనీ అంటాడు. ఈజిస్థస్‌ను ఉదాహరణగా చూపుతాడు. హెర్మీస్ ముందే వెళ్ళి హెచ్చరించినా వాడు అగమెమ్నాన్ భార్యను చేపట్టి, అతన్ని చంపి, ఆ ఫలం అనుభవించాడు. వాటా ఇంత అని ఉంది కాబట్టే దాన్ని మించడం, చెడగొట్టుకోవడం, నిలబెట్టుకోవడం అనేవి ఉన్నాయి. తలరాతలో వీటికి చోటు లేదు. పాలులో ఉంది.

ప్లేటో రిపబ్లిక్ చివర చెప్పిన ఎర్ కథలో ఈ ఆలోచన పూర్తి ఆటగా మారుతుంది. చనిపోయి తిరిగి పుట్టబోయే ఆత్మలు లాకెసిస్ ముందు నిలబడతాయి. ఒక పురోహితుడు ఆమె ఒడిలోంచి చీట్లు తీసి గుంపు మీదికి విసురుతాడు. ఎవరి పక్కన ఏది పడితే అది వాళ్ళది. ఆ తరవాత రకరకాల జీవితాలను నేల మీద పరుస్తారు, ఆత్మల సంఖ్యకన్నా చాలా ఎక్కువ. చీటీ వరసలో ఒక్కొక్కరు వచ్చి ఎంచుకోవాలి. ఎంచుకున్నవాడిదే బాధ్యత, దేవుడిది కాదని ముందే చాటుతారు. మ్యాజిక్ ఆడేవాళ్ళు దీన్ని చూడగానే డ్రాఫ్ట్ అని గుర్తుపడతారు. ఎనిమిదిమంది బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక ప్యాకెట్ విప్పి, ఒక ముక్క ఎంచుకుని మిగతావి పక్కవాడికి అందించే ఆట అది. పడినది కొంత, ఎంచుకున్నది కొంత, ఆ రెండూ కలిస్తేనే డెక్.

ఎర్ కథలో మొదటి చీటీ పడినవాడు పరుగున వెళ్ళి అతిపెద్ద నియంత జీవితాన్ని ఎత్తుకుంటాడు. నిదానంగా చూసుకునేసరికి అందులో తన పిల్లల్నే తినే రాత ఉంది. గుండెలు బాదుకుంటూ దేవతల్ని తిడతాడు. ఇరవయ్యో చీటీ పడిన యోధుడు అయాస్ సింహంగా పుట్టడానికి ఇష్టపడతాడు. ఒడిస్యూస్‌కు అందరికన్నా ఆఖరి చీటీ పడింది. పేరు ప్రతిష్ఠల మీద ఆశ తీరిపోయిన అతను చాలాసేపు వెతికి, ఎవరూ పట్టించుకోక మూలన పడి ఉన్న ఒక మామూలు మనిషి జీవితాన్ని తీసుకుంటాడు. మొదటి చీటీ పడినా ఇదే తీసుకునేవాణ్ణని సంతోషంగా చెబుతాడు.

ఆ కథలో పురోహితుడు ఎంపికకు ముందు ఒక హామీ ఇస్తాడు. ఆఖరున వచ్చినవాడు కూడా బుద్ధితో ఎంచుకుని శ్రద్ధగా బతికితే అతనికి తగిన మంచి జీవితం మిగిలే ఉంటుందని. మన దేవతలతోనో గ్రీకు దేవతలతోనో కొత్త ఆట తయారుచేయబోయే తెలుగు యువతీయువకులు పేర్లూ బొమ్మలూ ఎంచుకోకముందే ఈ హామీని చదవాలని నా కోరిక. మెడూసా తలనిండా పాములు గీయడం చిత్రకారుడి పని. రూపకర్త పని వేరు. నియమాలను థెమిస్‌లా అందరికీ ఒకేలా నిలబెట్టాలి. పంపకాన్ని రాత్రిలా ఎవరికీ తెలియనీయకూడదు. ఎవరి పాలుకు ఎంత తక్కువ పడినా, దానితో గెలిచే దారి ఒకటైనా ఉండేలా ముక్కలను కొలిచి కోయాలి. ఈ మూడూ ఉన్న ఆటలో జ్యూస్ బొమ్మ ఒక్కటీ లేకపోయినా అది మొయిరను అర్థం చేసుకున్న ఆట అవుతుంది.